కొల్లేటి సీమలో కొనుగోలు

ఊరు చూచి వచ్చినవారు ఉత్త చేతులతో ఇల్లు చేరరాదని మనవారి ఆచారము. కాశి నుండి గంగచెంబు, తిరుపతి నుండి లడ్డు, కొండపల్లి నుండి కొయ్యబొమ్మ తెత్తురు. గుమ్మములో ఎదురు చూచు పిల్లలకు యాత్రాఫలమనగా ఇదియే. మరి ఏలూరు, కొల్లేరు, తాడేపల్లిగూడెము చూచి పోవువారు ఏమి కొనిపోవలెను? ఎక్కడ కొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన అవసరము మాకు ఒక పాత మిత్రుని మూలమున కలిగినది.

ఆయన ఉద్యోగరీత్యా అండమాను దీవులకు పోయి అక్కడనే స్థిరపడినవాడు. ఆయన ఉండు పట్టణమును చిరకాలము పోర్టుబ్లెయిరని పిలిచిరి. 2024లో దానికి శ్రీవిజయపురమని పేరు మార్చిరి. మేము ఆ దీవికి పోయినపుడు బజారు చూపినవాడు ఆయనయే. అబర్డీన్ బజారులో మమ్ము త్రిప్పుచు, గవ్వల దండలు, చిప్పలతో చేసిన దీపములు, కొయ్య నగిషీ సామాను చూపుచు, మొట్టమొదట చెప్పిన మాట ఇది.

"పగడపు ముక్క ఎంత అందంగా కనిపించినా ముట్టుకోకు. చట్టం ఒప్పుకోదు. చట్టం మాట అలా ఉంచు, అది ప్రాణులు కట్టుకున్న ఇల్లు. గవ్వలు కావాలంటే ప్రభుత్వం వారి సాగరికా దుకాణానికి వెళ్దాం, రసీదు అడిగి తీసుకో."

కొనవలసినదేదో చెప్పుటకు ముందు కొనరానిదేదో చెప్పిన ఆ పద్ధతి మాకు నచ్చినది. కడచిన మాఘమాసమున ఆయన భార్యాసమేతుడై మా యింటికి వచ్చి, "మా దీవి నీకు చూపించాను. ఇప్పుడు మీ దీవులు మాకు చూపించు" అనెను. కొల్లేటి లంకలు కూడ దీవులే గదా! ఆ నాలుగు దినములలో మేము చూచినదియు, కొన్నదియు, కొనక విడిచినదియు శ్రోతలకు విన్నవింతుము.

ఏలూరనగానే పెద్దవారికి స్ఫురించునది తివాచీ. పారసీక దేశము నుండి వలస వచ్చిన నేతగాండ్రు ఇక్కడ మగ్గములు నాటిరని వాడుక. మచిలీపట్నపు రేవు చేరువలోనే యుండుటచే ఇక్కడి సరకు ఓడలపై ఇంగ్లండు మొదలగు దేశములకు పోయినది. పందొమ్మిదవ శతాబ్దిలో దేశమందలి తివాచీ పనికి రెండు దెబ్బలు తగిలినవి. జైళ్ళలో ఖైదీలచే నేయించిన తివాచీలు చౌకగా బజారుకు వచ్చినవి. ఆకులు, వేళ్ళు, బెరళ్ళతో కాచిన రంగుల స్థానమును రసాయన రంగులు ఆక్రమించినవి. మన కాలమున యంత్రము మూడవ దెబ్బ కొట్టినది. ఇన్నింటికి తట్టుకొని ఆ విద్య ఏలూరి తంగెళ్ళమూడిలో కొన్ని యిండ్లలో ఇంకను నిలిచియున్నది.

ఇక్కడ మా అనుభవమొకటి చెప్పవలెను. చెప్పుటకు కొంత సిగ్గే. కొన్ని సంవత్సరముల క్రిందట, మా యింటిలో శుభకార్యమునకు ముందు, ఒక దుకాణమువారు అసలైన ఏలూరు తివాచీ అని చెప్పగా నమ్మి యొకటి కొంటిమి. పూవులు, లతలు, అంచు, కుచ్చులు అన్నియు చక్కగనే యుండెను. రెండవ యేట వానకు తడిసినది. ఎండలో ఆరవేయగా వెనుక అంటించిన గుడ్డ యొక వైపునకు, ముందరి నూగు మరియొక వైపునకు విడివడినవి. మా శ్రీమతి దానిని ముక్కలుగా కత్తిరించి వాకిట కాళ్ళు తుడుచుకొనుటకు వేసినది. మిత్రునితో తంగెళ్ళమూడికి బయలుదేరునపుడు అందులో ఒక ముక్కను సంచిలో పెట్టుకొని పోయితిమి.

ఒకప్పుడు ఆ పేటలో సందు సందునను మగ్గముల చప్పుడు వినబడెడిదని పెద్దలు చెప్పుదురు. మేము మాత్రము నలుగురిని అడిగి ఒక నేతగాని యిల్లు చేరవలసి వచ్చినది. ఆయన అరువది దాటిన సాయిబుగారు. వసారాలో నిలువు మగ్గము. పైన ఒక దూలము, క్రింద ఒక దూలము, నడుమ బిగించిన నూలు పడుగు. ముందరి బల్లపై భార్యాభర్తలిరువురు ప్రక్కప్రక్కన కూర్చుండి పని చేయుచుండిరి. రెండు పడుగు పోగులకు ఊలు చుట్టి ముడి వేయుట, కత్తితో కొస కోయుట, మరల ప్రక్క పోగులకు ముడి వేయుట. ఒక వరుస పూర్తి కాగానే పేకపోగు దూర్చి, ఇనుప పంజాతో క్రిందికి దిగగొట్టుట. తరువాత క్రొత్త వరుస. చూచుటకు ఇంతే. అయితే ఏ ముడికి ఏ రంగు వేయవలెనో చేతులకు తెలియుటకు కొన్ని యేండ్లు పట్టును.

మేము సంచిలోని ముక్కను తీసి చూపితిమి. ఆయన దానిని ఒక్కసారి త్రిప్పి చూచి, "దీనికి ముడే లేదు బాబుగారూ" అనెను. "మిషనుతో గుడ్డలోకి పోగులు గుచ్చేసి, వెనకాల జిగురు పూసి ఇంకో గుడ్డ అంటించేశారండి. తివాచీని ముందు వైపు చూసి కొనకూడదండి. తిరగేసి చూడాలి."

మిత్రుడు నవ్వెను. మేమును నవ్వితిమి. ఆ నవ్వునకు ఖరీదు మేము ముందే చెల్లించి యుంటిమి.

సాయిబుగారు ఆనాడు మాకు చూపిన పరీక్షలు కొనువారందరికి ఉపయోగపడునవి. చేతిముడుల తివాచీని త్రిప్పినచో ముందరి పూవు వెనుకను స్పష్టముగా కనబడును. ఒక్కొక్క ముడి వేలికి తగులును. వెనుక గుడ్డ అంటించి యున్నచో అనుమానింపవలెను. కుచ్చులు పడుగు పోగుల కొసలే కావలెను గాని వేరుగా తెచ్చి కుట్టినవి కారాదు. నూగు నుండి ఒక పోగు పెరికి నిప్పు చూపినచో ఊలైనయెడల వెండ్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన బొగ్గు వ్రేళ్ళ మధ్య నలిగి పొడియగును. కృత్రిమమైన పోగు కరిగి గట్టి ముద్ద కట్టును. తెల్లని గుడ్డను తడిపి రుద్దినపుడు రంగు అంటినచో అది నీటికి నిలువదు. ఇక పూవుల నడుమ కొద్దిపాటి వంకర, రంగులో సన్నని తేడా కనబడినచో తప్పు పట్టరాదు. చేతితో నేసినదనుటకు అవియే ఆనవాళ్ళు.

మిత్రునికి మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు గల ఒక తివాచీ నచ్చినది. ధర చెప్పగానే, బజారు మర్యాద చొప్పున, "కాస్త తగ్గించండి సాయిబుగారూ" అనెను. ఆయన మారు పలుకక ముడి వేయుచుండెను. ఆయన భార్య మాత్రము తల త్రిప్పక, "తగ్గిద్దామండి. ఎన్ని ముళ్ళు విప్పమంటారో చెప్పండి" అనెను.

మిత్రుడు జీవితమంతయు లెక్కల శాఖలో పని చేసినవాడు. తివాచీని వెనుకకు త్రిప్పి, జేబులోని కొలబద్ద ఆనించి చూచెను. అంగుళమునకు అడ్డముగా అయిదు ముడులు, నిలువుగా అయిదు ముడులు. చదరపు అంగుళమునకు ఇరువదియైదు. ముప్పదియారు అంగుళముల వెడల్పును అరువది అంగుళముల పొడవుతో హెచ్చించగా 2,160 చదరపు అంగుళములు. వెరసి 54,000 ముడులు. ఇద్దరు కూర్చుండి నేసినచో పన్నెండు దినములు పట్టునని సాయిబుగారు చెప్పిరి. నూగు కత్తిరించుట, కడుగుట, ఆరవేయుట వేరు. మిత్రుడు మరల ధర మాట ఎత్తలేదు.

డబ్బు లెక్కపెట్టుకొనుచు సాయిబుగారు చెప్పిన సంగతి మా మనస్సున నిలిచినది. వర్తకుడు ఊలు, నమూనా ఇచ్చి నేయించుకొన్నపుడు వారికి దక్కునది కూలి మాత్రమే. ఇంటికి వచ్చి కొన్నవారి వలన ధర దక్కును. "మావాడు ఈ పని నేర్చుకోలేదండి. సెల్‌ఫోన్ల కొట్లో చేస్తున్నాడు. వాడి తప్పేం లేదండి, అక్కడ నెల తిరిగేసరికి జీతం వస్తది" అని ఆయన చెప్పుచుండగా ఆ యిల్లాలు మగ్గము వైపే చూచుచుండెను.

దుకాణములన్నియు మోసమని మా యభిప్రాయము కాదు. దుకాణదారునకు అద్దె యున్నది, ఆరునెలలు సరకు పేర్చి యుంచుకొను నష్టమున్నది. నేతగాని యిల్లు వెదకు తీరిక లేనివారు దుకాణముననే కొనవచ్చును. అయితే ఎక్కడ నేసినదని అడుగవలెను. ఊలా, జనుమా, కృత్రిమపు పోగా అను సంగతి రసీదులో వ్రాయించుకొనవలెను. నిజాయితీ గల వర్తకుడు ఆ మాటకు కోపగించుకొనడు.

మరునాడు ఏలూరు నుండి కైకలూరు బాట పట్టితిమి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దీనిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. నీటి నడుమ మెరకలపై గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక వంటి ఊళ్ళున్నవి. వరదల కాలమున ఈ బాటపై నీరు పొర్లి రాకపోకలు నిలిచిపోవుట కలదు. కావున కొల్లేరు చూడగోరువారు వానలు వెనుకబట్టిన తరువాత, చలికాలమున బయలుదేరుట మేలు.

కైకలూరు సమీపమున ఆటపాక వద్ద పడవ యెక్కితిమి. చెట్ల కొమ్మలపై గూడబాతులు సంతలో జనమువలె క్రిక్కిరిసి యుండెను. క్రింద సంచి గల ముక్కును తెరచి తల్లి నిలుచుండగా, పిల్ల తల మొత్తము దాని గొంతులో దూర్చి చేపను అందుకొనుచుండెను. ఎర్రకాళ్ళ కొంగలును అక్కడనే గూళ్ళు కట్టినవి. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో, అనగా రామ్‌సర్ జాబితాలో చేర్చిరి. సరస్సు గర్భమున త్రవ్విన చేపల చెరువుల గట్లను 2006లో పెద్ద యెత్తున తెగగొట్టిరి. ఆ చెరువులపై ఆధారపడిన కుటుంబముల కష్టము, సరస్సు ఊపిరాడక పడిన కష్టము, రెండును నిజమైనవే. ఆ తగవు నేటికిని పూర్తిగా తీరలేదు.

తిరిగి వచ్చు దారిలో ఒకడు మూతవేసిన గంపతో మా బండిని ఆపెను. మూత కొంచెమెత్తి, గొంతు తగ్గించి, "పరజలండి, పొద్దున్నే పట్టాను" అనెను. గంపలో రెక్కలు కట్టిన నీటిబాతులు నాలుగు. ఎక్కడి ఉత్తరదేశముల నుండియో చలికి వెరచి మన నీటిని నమ్మి వచ్చిన పక్షులవి. మిత్రుడు మా వైపు తిరిగి, "మీ పగడం ఇదన్నమాట" అనెను.

అవును, ఇదియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులను పట్టువాడే కాదు, అమ్మువాడును కొనువాడును దోషులే. అయితే గంప మోయువాని ఇంటిలో పొయ్యి వెలుగవలెనని మేమెరుగుదుము. వానికి ఉపకారము చేయదలచినవారు వాని వద్ద చేప కొనవలెను. మేము వానితో ఆ మాటయే చెప్పితిమి. వాడు కొంతసేపు గొణిగి, తన యన్నయ్య వద్ద కొర్రమీను కలదని చెప్పి లంక దారి చూపెను. గంపలోని పక్షుల గతి ఏమైనదో మాకు తెలియదు. కొనువాడు లేని గంప రేపు నిండదని మాత్రము ఆశింతుము.

చేపల సంగతి కొంత చెప్పవలెను. కొల్లేటి సీమలో చేప రెండు విధములు. సరస్సులోను కాలువలలోను వల వేసి పట్టునవి యొకటి: కొర్రమీను, జెల్ల, వాలుగ మొదలగునవి. చెరువులలో మేత వేసి పెంచునవి రెండవది: బొచ్చె, శీలావతి. చెరువు చేప మంచు పెట్టెలలో లారీలపై బంగాళమునకు, అస్సామునకు పోవును; ఆకివీడు పరిసరములకు పోయినచో ఆ యెగుమతిని కన్నులార చూడవచ్చును. చెరువు చేప చెడ్డదని కాదు. చెరువు చేపను సరస్సు చేప ధరకు కొనుటయే చెడ్డ. కొర్రమీను గాలి పీల్చి బ్రతుకు చేప గనుక, కొద్ది నీటిలోనే ప్రాణముతో నుంచి అమ్ముదురు, కదలాడుచున్నదానినే కొనవలెను. తక్కిన చేపలకు కన్ను తేటగా నుండవలెను, మొప్ప ఎర్రగా నుండవలెను, వేలితో నొక్కిన పల్లము వెంటనే పూడవలెను. దుర్వాసన నీసు వాసన ఒకటి కావని గృహిణులకు మేము చెప్పనక్కరలేదు.

చేపను ఓడలో కొనిపోలేరు గదా. దూరము పోవువారికి తగినది తుంగచాప. సరస్సు అంచుల పెరుగు తుంగను కోసి, చీల్చి, ఆరబెట్టి అల్లుదురు. వేసవిలో దానిపై పండుకొన్నవానికి దాని చలువ తెలియును. అంచు పోగులు గట్టిగా మడచి అల్లినదా, చాప పూర్తిగా ఆరినదా అని రెండు సంగతులు చూచుకొన్న చాలును. పచ్చి చాప చుట్టి పెట్టినచో బూజు పట్టును. లంకలో ఒక వృద్ధురాలు మాకు రెండు చాపలమ్మి, "తడపకండి నాయనా, నాలుగేళ్ళు వత్తాది" అని హామీ యిచ్చెను. ఏ కంపెనీ కాగితముకన్నను ఆ మాట మాకు నమ్మకము కలిగించినది.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి దర్శనము చేసికొంటిమి. ఫాల్గుణమున అక్కడ జాతర జరుగును. జాతర దుకాణములలో దొరకు గాజులు, బొమ్మలు చాలవరకు బయటి ఊళ్ళవి. అయినను పిల్లవానికి జాతరలో కొన్న ఈల యొక్క విలువ వేరు. దానికి ఏ పరీక్షయు వలదు.

మూడవనాడు తాడేపల్లిగూడెము. కలకత్తా నుండి చెన్నపట్నమునకు పోవు పెద్ద రైలుమార్గమున ఏలూరునకు తూర్పుగా నున్న ఊరు. ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు ప్రసిద్ధి. కర్నూలు సీమ నుండియు మహారాష్ట్ర నుండియు లారీలు వచ్చి ఇక్కడ సరకు దింపును. గుట్టలుగా పోసిన గోతములను చూచి మిత్రుని భార్య ఆశ్చర్యపడి, "మాకు ఉల్లిపాయ కూడా ఓడెక్కి రావాలి అన్నయ్యగారూ. ఓడ ఆలస్యమైతే ధర ఆకాశానికి అంటుతుంది" అనెను. ఆమె వాటిని ఎన్నుకొనిన తీరు చూచి మేమే నేర్చుకొంటిమి. మెడ సన్నగా ఎండి మూసుకొన్నది, పై పొర పెళపెళలాడునది, మొలక లేనిది నిలువ యుండును. కర్నూలు ఉల్లిలో తడి యెక్కువ, త్వరగా వాడుకొనవలెను. నాసిక్ ప్రాంతమున వేసవిలో తీసిన పాయ నెలల తరబడి నిలుచును. తోడబుట్టినవారు నలుగురు కలిసి ఒక గోతము పంచుకొన్నచో చిల్లర ధరకన్న లాభము. అయితే ధర పడిపోయిన యేడాది మన సంచి చౌకగా నిండినపుడు, లారీ బాడుగ కూడ రాక తిరిగిపోవు రైతు ఒకడు ఎక్కడనో యున్నాడని మరువరాదు.

అక్కడి నుండి భీమవరము మీదుగా నరసాపురము పోయినచో లేసు అల్లికలు దొరకును. పందొమ్మిదవ శతాబ్దిలో మిషనరీలు నేర్పిన ఈ విద్య గోదావరి పల్లెలలో వేలాది స్త్రీల చేతిపని యైనది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. జర్మను విదుషి మరియా మీస్ ఈ లేసు పనివారిని గూర్చి 1982లో ఒక గ్రంథమే ప్రకటించినది. ఇంటిలో కూర్చుండి అల్లు స్త్రీని లోకము గృహిణి యని పిలిచి, ఆమె పనిని తీరిక వేళ కాలక్షేపమని యెంచి, కూలిని తగ్గించిన వైనమును ఆమె చూపినది. యంత్రము ఈ అల్లికను పోలిన దానిని చేయగలదు గాని ఈ అల్లికను చేయజాలదు. కావున లేసు కొనునపుడును మన ప్రశ్న ఒక్కటే: అల్లినవారు ఎవరు? వారికి ఎంత చేరును? స్త్రీల సహకార సంఘముల వద్ద కొన్నచో ఆ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకును.

నాలుగవనాడు మిత్రుడు విశాఖపట్నమునకు రైలెక్కెను. తివాచీ చుట్ట యొక చేత, తుంగచాప యొక చేత. ఆయన భార్య వద్ద ఉల్లిసంచి, లేసు బల్లగుడ్డ. కొన్నది కొంచెమే. అయినను ప్రతి వస్తువు వెనుకను మేము చూచిన ముఖమొకటి యున్నది.

కొన్ని వారముల తరువాత ఆయన వద్ద నుండి ఉత్తరము వచ్చినది. వచ్చిన అతిథులు తివాచీని మెచ్చుకొని ఖరీదెంతని అడుగుచున్నారట. "54,000 ముళ్ళు అని చెబుతున్నాను. నన్ను పిచ్చివాడనుకుంటున్నారు" అని వ్రాసెను. ఆ ఉత్తరమును తంగెళ్ళమూడి కొనిపోయి చదివి వినిపించితిమి. సాయిబుగారు ఏమియు అనలేదు. ఆ యిల్లాలు మాత్రము, "ఇంకెవరైనా అడిగితే మా ఇల్లు చెప్పమనండి" అనెను. అందుకే శ్రోతలతో చెప్పుచున్నాము: ఏలూరు వచ్చినపుడు తంగెళ్ళమూడి దారి అడుగుడు. ఆ వసారాలో మగ్గము ఇంకను నడచుచున్నది. ఆ దంపతుల తరువాత దానిపై కూర్చుండువారు ఇప్పటికి ఎవరును లేరు.